తడి తూకం, ఎండు తూకం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్ర: మా పంచాయతీలో బీమా కోసం చెనక్కాయ (వేరుశనగ) పంట కోత ప్రయోగం చేసినారు. మా చేన్లో ఐదు మీటర్ల చదరం కొలిచి పీకితే పచ్చికాయ 5.4 కిలోలు తూగింది. ఎకరాకు ఎంత పడినట్టు? తాడు వంకరగా పట్టినారని మా తమ్ముడు వాళ్లతో గొడవ పడినాడు. ఆ వంకర వల్ల నిజంగా తేడా వస్తుందా?
– ఒక రైతు, ఉరవకొండ

జ: ముందు మీ తమ్ముడి గొడవ సంగతి చూద్దాం. నాలుగు భుజాలూ సరిగ్గా 5 మీటర్లే ఉండి, మూలలు మాత్రం పక్కకు ఒరిగాయనుకోండి. ఒక కర్ణం 7.6 మీటర్లు, రెండోది 6.5 మీటర్లు వచ్చిందంటే దూరం నుంచి చూసినా కనిపించే వంకరే. అయినా వైశాల్యం 7.6ను 6.5తో గుణించి సగం చేస్తే 24.7 చదరపు మీటర్లు. ఉండాల్సింది 25. తేడా నూటికి ఒకటి. సరైన చదరానికి రెండు కర్ణాలూ 7.07 మీటర్లు రావాలి, టేపుతో ఒక్క నిమిషంలో సరిచూసుకోవచ్చు. కానీ గొడవ పడదగ్గ విషయం అది కాదు.

తాడు మీద పడ్డ మొక్కల దగ్గర చూడండి. మొదలు తాడుకు బయట ఉండి కొమ్మలు లోపలికి వాలిన మొక్కను కూడా పీకి కుప్పలో వేస్తే, చుట్టూరా 15 సెంటీమీటర్ల పట్టీ అదనంగా కలిసినట్టే. అప్పుడు కోసింది 5 మీటర్ల చదరం కాదు, 5.3 మీటర్ల చదరం. వైశాల్యం 28 చదరపు మీటర్లు దాటుతుంది. అంటే మీ చేను పండిన దానికంటే 12 శాతం ఎక్కువ పండినట్టు కాగితం మీదికి ఎక్కుతుంది. బీమా రావాల్సిన రైతుకు అది ఎదురు దెబ్బ. మొక్క మొదలు తాడు లోపల ఉంటేనే లెక్కలోకి రావాలి, కొమ్మ ఎటు వాలినా సరే. చదరం చిన్నదయ్యేకొద్దీ ఈ అంచు మొక్కల పీడ పెరుగుతుంది. చిన్న చిన్న మడులు కోసి లెక్కగడితే దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుందని గణాంక శాస్త్రవేత్త పి.వి. సుఖాత్మే 1940లలోనే ప్రయోగాలు చేసి చూపించారు.

ఇక మీ 5.4 కిలోలు. అది పచ్చి తూకం. అప్పుడే పీకిన కాయలో తేమ 40 శాతం ఉందనుకుందాం. నిల్వకు పనికొచ్చే ఎండుకాయలో 8 శాతం ఉండాలి. చాలామంది 40లోంచి 8 తీసేసి, 32 శాతం తరుగు వేసి 3.67 కిలోలంటారు. ఇది తప్పు. ఎండినా మారనిది కాయలోని గట్టి పదార్థం. అది 5.4లో 60 శాతం, అంటే 3.24 కిలోలు. ఎండుకాయలో ఈ 3.24 కిలోలు నూటికి 92 వంతులు కావాలి కాబట్టి 0.92తో భాగించండి, 3.52 కిలోలు వస్తుంది. హెక్టారులో 25 చదరపు మీటర్లవి 400 ముక్కలుంటాయి. 3.52ను 400తో గుణిస్తే హెక్టారుకు 1,409 కిలోలు, ఎకరాకు 570. నీళ్లు చాలని ఏడాది పచ్చికాయ తేమ ఇంతకంటే తక్కువ ఉండొచ్చు. అందుకే పచ్చికాయలోంచి ఒక కిలో పక్కకు తీసి, ఎండబెట్టి మళ్లీ తూచమనాలి. ఊహించిన తేమతో లెక్క వేయనివ్వకండి.

ఒక మాట మరవొద్దు. బీమా తేలేది మీ ఒక్క చేను మీద కాదు, యూనిట్ (బీమాకు ఒకటిగా లెక్కగట్టే ప్రాంతం) సగటు మీద. ఫసల్ బీమా నిబంధనల్లో పంచాయతీ యూనిట్‌గా ఉన్న ప్రధాన పంటకు కనీసం నాలుగు కోతలు చాలు. నాలుగు కొలతల సగటు తీస్తే ఒక్క కొలతలో ఉండే తప్పు సగానికే తగ్గుతుంది, ఎందుకంటే తగ్గేది నాలుగు వర్గమూలం వంతు. పావుకు తగ్గాలంటే 16 కోతలు కావాలి. వాన గట్టుకు ఇవతల పడి అవతల పడని అనంతపురం నేలకు నాలుగు కోతలు తక్కువేనని మా అభిప్రాయం.

ప్ర: వేరుశనగ నెల పైరులో చిగురాకులు మాడిపోయి, కాండం నల్లబడి మొక్కలు చచ్చిపోతున్నాయి. అంగట్లో మూడు రకాల మందులిచ్చినారు. మూడూ కలిపి కొట్టినా ఆగలేదు. జబ్బు మొక్కలు పీకేస్తే మిగతావి బతుకుతాయా?
– ఒక రైతు, కదిరి

జ: పీకకండి. కారణం చివర చెబుతాం.

మీరు రాసిన గుర్తుల్ని బట్టి ఇది వైరస్ వల్ల వచ్చే కాండం కుళ్ళు. భూమిలోని బూజు వల్ల వచ్చే మొదలు కుళ్ళు వేరు. దానికి కాండం మొదట్లో తెల్లటి బూజు, ఆవగింజల్లాంటి గుండ్లు కనిపిస్తాయి, మాడటం కింది నుంచి మొదలవుతుంది. మీ చేన్లో పైనుంచి మొదలైంది. మొవ్వుకుళ్ళు కూడా వైరస్ తెగులే కానీ దాని తీరు వేరు. ఆకుల మీద లేతపచ్చ వలయాలు పడతాయి, మొక్క గిడసబారుతుంది, పక్క కొమ్మలు గుబురుగా పుట్టి చీపురుకట్టలా అవుతుంది, ఆకులు చిన్నవై వంకర్లు పోతాయి. కాండం కుళ్ళులో గుబురు ఉండదు. లేత ఆకు మీద మాడిన మచ్చ, అక్కడి నుంచి తొడిమె, తొడిమె నుంచి కాండం, తర్వాత చావు. కాయ ఊరిన తర్వాత సోకితే కాయ తొక్క మీద నల్ల మచ్చలు పడతాయి. ఒక మొక్కను పీకి కాండాన్ని బ్లేడుతో నిలువుగా చీల్చి, నలుపు పైనుంచి కిందికి దిగుతోందా, కింది నుంచి పైకి ఎక్కుతోందా చూడండి. మందుల మీద డబ్బు పెట్టేముందు తేల్చుకోవాల్సింది ఇదే.

2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాను ముంచింది ఈ తెగులే. సుమారు 2.25 లక్షల హెక్టార్లలో పైరు దెబ్బతింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. మొదట అందరూ మొవ్వుకుళ్ళే అనుకున్నారు. పటాన్‌చెరువులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షించి ఇది పొగాకు స్ట్రీక్ వైరస్ అని తేల్చారు. అది చేలోకి వచ్చే దారి విచిత్రమైనది. వైరస్ ఉండేది వయ్యారిభామ అనే కలుపు మొక్క పుప్పొడిలో. ఆ మొక్కకు వైరస్ సోకినా పైకి ఏ గుర్తూ కనిపించదు, పచ్చగా నవనవలాడుతూ పూస్తుంది. తామర పురుగులు ఆ పూలలో తిరిగి, ఒంటికి పుప్పొడి అంటించుకుని గాలివాటున మీ చేలో వాలతాయి. లేత ఆకును గీకి రసం పీల్చినప్పుడు ఆ గాయంలోకి పుప్పొడి మీది వైరస్ దిగుతుంది. పురుగు కడుపులో వైరస్ పెరగదు. మొవ్వుకుళ్ళులో మాత్రం వైరస్ పురుగు ఒంట్లోనే పెరిగి, అది బతికినన్నాళ్లూ అంటిస్తుంది.

మీ మూడు మందులూ ఎందుకు ఆపలేదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. వైరస్ బయటి గట్ల నుంచి వస్తోంది. ఈరోజు చేలో పురుగుల్ని చంపినా రేపు గాలికి కొత్తవి వస్తాయి. సోకిన మొక్కను బతికించే మందు లేదు.

వచ్చే పైరుకు చేయాల్సింది ఇది. చేను చుట్టూ, గట్ల మీద, బాట పక్కన, పాత కల్లం చోట వయ్యారిభామను పూత రాకముందే వేళ్లతో పీకాలి. తొలకరికి మొలిచి నెలన్నర లోపే పూతకు వస్తుంది, ఆలస్యం చేస్తే పీకేటప్పుడే పుప్పొడి రాలుతుంది. చేతికి తొడుగులు తప్పనిసరి, కొందరికి దద్దుర్లు లేచి నెలల తరబడి తగ్గవు. పైరు వేయని బంజరులో అయితే పది లీటర్ల నీళ్లకు రెండు కిలోల కల్లుప్పు కలిపి ఆకులు తడిసేలా కొట్టినా చస్తుంది. చేలో మాత్రం ఉప్పు వద్దు, నేల పాడవుతుంది. చేను చుట్టూ కనీసం నాలుగు వరసల జొన్న గానీ సజ్జ గానీ వేరుశనగతోపాటే విత్తండి. గాలికొచ్చే పురుగుల్లో చాలా భాగం ఆ ఎత్తు పైరు మీదే వాలి ఆగిపోతాయి. విత్తనానికి కిలోకు 2 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. పట్టించి నీడలో ఆరబెట్టి విత్తితే తొలి వారాలు గడుస్తాయి. పక్కన పొద్దుతిరుగుడు వేయకండి, అదే వైరస్ దానికీ సోకుతుంది.

ఇప్పుడు పీకడం సంగతి. ఈ వైరస్ ఒక వేరుశనగ మొక్క నుంచి పక్క వేరుశనగకు పాకదు. జబ్బు మొక్క పీకితే ఆగేదేమీ లేదు. పైగా అక్కడ ఖాళీ నేల ఏర్పడుతుంది. పైరు పలచబడ్డ చోటే తామర పురుగులు ఎక్కువగా వాలతాయి. విత్తనంలోంచి కూడా ఈ వైరస్ రాదు కాబట్టి, బతికిన మొక్కల కాయల్ని విత్తనానికి వాడుకోవచ్చు.

ప్ర: ట్రాక్టర్‌తో విత్తే గొర్రు ఎకరాకు 60 కిలోల బుడ్డల (వేరుశనగ) పప్పు పడేలా పెట్టినామని షెడ్డులో చెప్పినారు. చేలో చూస్తే 50 కూడా పడలే. లోపం ఎక్కడుంది?
– ఒక యువరైతు, పత్తికొండ

జ: షెడ్డులో చక్రం జారదు, చేలో జారుతుంది. గింజను వదిలే రోలరు నేల చక్రంతో తిరుగుతుంది. మెత్తటి దుక్కిలో చక్రం కొంత దూరం తిరగకుండా ఈడ్చుకుపోతుంది, ఆ మేరకు గింజ పడదు. చక్రానికి బంకమట్టి అంటుకుంటే చుట్టుకొలత పెరిగి ఇంకా తగ్గుతుంది.

మీ గొర్రుకు తొమ్మిది కర్రులు, కర్రుకు కర్రుకు 30 సెంటీమీటర్లు, చక్రం అడ్డుకొలత 50 సెంటీమీటర్లు అనుకుని లెక్క చూపిస్తాం, మీ కొలతలు పెట్టి మార్చుకోండి. చక్రం ఒక చుట్టు తిరిగితే 1.57 మీటర్లు, 20 చుట్లకు 31.4 మీటర్లు. గొర్రు వెడల్పు 2.7 మీటర్లు. గుణిస్తే 84.8 చదరపు మీటర్లు. ఎకరా 4,047 చదరపు మీటర్లు కాబట్టి 60 కిలోల లెక్కన ఈ ముక్కలో 1.26 కిలోలు, కర్రుకు 140 గ్రాములు పడాలి. గొర్రును జాకీ మీద లేపి, ఒక్కో గొట్టానికి ఒక సంచి కట్టి, చక్రాన్ని చేత్తో 20 చుట్లు తిప్పి తూచండి. మొత్తం మాత్రమే చూస్తే మోసపోతారు, తొమ్మిది సంచులూ విడివిడిగా తూచాలి. ఒకదాంట్లో 110, ఇంకోదాంట్లో 170 ఉంటే మొత్తం సరిపోయినా సాళ్లు సరిపోవు.

తర్వాత చేలోకి దింపి, చక్రం మీద సుద్దతో గీత గీసి, 20 చుట్లకు ట్రాక్టర్ ఎంత దూరం పోయిందో టేపు పట్టండి. 31.4 బదులు 34 మీటర్లు వస్తే ఎనిమిది శాతం జారుతోందని లెక్క. అప్పుడు షెడ్డులో 1.26 కాదు, 1.36 కిలోలు పడేలా తెరవాలి.

అయినా తక్కువ పడుతుంటే వేగం చూడండి. గంటకు నాలుగు కిలోమీటర్లు దాటితే రోలరు గుంటల్లో గింజ నిండే లోపే తిరిగిపోతుంది. మందు పట్టించిన గింజ సరిగ్గా ఆరకపోయినా జిగటగా అంటుకుని దిగదు. సంచుల్లో పడ్డ గింజల్లోంచి వంద లెక్కపెట్టి, బద్దలైనవీ తొక్క ఊడినవీ ఎన్నో చూడండి. నాలుగైదు దాటితే రోలరు దగ్గర సందు సరిచేయించాలి, బద్ద మొలవదు. చివరి పరీక్షకు కర్రు వెనక సాలులో ఒక మీటరు మట్టి వేళ్లతో తీసి చూడండి. వంద గింజలు 40 గ్రాములు తూగే రకమైతే పది, పదకొండు గింజలు, ఐదు సెంటీమీటర్ల లోతున కనిపించాలి.

ప్ర: ఒకే లాటు వేరుశనగ పప్పు. ఒక ల్యాబులో అఫ్లటాక్సిన్ లేదన్నారు, ఇంకో ల్యాబులో చాలా ఉందన్నారు. ఎవరిది అబద్ధం?
– ఒక వ్యాపారి, ఆదోని

జ: ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చు. అఫ్లటాక్సిన్ అంటే బూజు వల్ల గింజలో పుట్టే విషం. అది లాటంతా సమానంగా పరుచుకుని ఉండదు. వేల గింజల్లో ఒకటి రెండింట్లో విపరీతంగా ఉంటుంది, మిగతావి శుభ్రంగా ఉంటాయి. ఉదాహరణకు ఐదు వేలకు ఒక గింజ చెడిందనుకోండి. కిలోలో సుమారు 2,500 గింజలుంటాయి. మీరు ఒక కిలో నమూనా పంపితే అందులో చెడ్డ గింజ ఒక్కటీ లేకపోయే అవకాశం 61 శాతం. ఐదు కిలోలు తీస్తే అది 8 శాతానికి పడిపోతుంది. 20 కిలోల దగ్గర దాదాపు సున్నా. ఐరోపా నిబంధనల్లో పెద్ద లాటుకు నమూనా 20 కిలోల దాకా తీయమనడం చాదస్తం కాదు, ఈ లెక్కే. అది కూడా ఒక్క సంచిలోంచి కాదు, చాలా సంచుల నుంచి కొంచెం కొంచెం తీసి, మొత్తం పొడి చేసి కలిపాకే పరీక్షకు ముక్క తీయాలి. పొడి చేయకుండా గుప్పెడు గింజలు పంపితే ఏ యంత్రమూ కాపాడలేదు.

ఈ విషం సంగతి బయటపడింది 1960లో, ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చినప్పుడు. వాటి దాణాలో బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క ఉంది. మనిషి కాలేయానికీ ఇది క్యాన్సర్ కారకం. నేరుగా తినే వేరుశనగకు ఐరోపా పరిమితి మొత్తం అఫ్లటాక్సిన్లకు కిలోకు 4 మైక్రోగ్రాములు.

మీ చేతిలో ఉన్న జాగ్రత్త ఒకటుంది. కాయ కొట్టే మిషను దగ్గర పప్పు విరగకుండా ముందురోజు కాయల మీద నీళ్లు చల్లి మూటలు కడతారు. ఎండబెట్టి సాధించిన 8 శాతం తేమ ఆ రాత్రితో పోతుంది, బూజుకు అంతకంటే పండుగ లేదు. పప్పు విరగడం తగ్గాలంటే జల్లెడ సైజు, రోలరు సందు మార్చించండి, నీళ్లు వద్దు. ముడతలు పడినవీ, రంగు మారినవీ, పురుగు తొలిచినవీ చేత్తో ఏరిస్తే విషంలో ఎక్కువ భాగం వాటితోనే పోతుంది. ఏరిన తాలును గానుగకు గానీ పశువులకు గానీ పంపకండి. పశువు తిన్నది పాలలోకి వస్తుంది. వేయించినా పూర్తిగా పోదు.

ప్ర: మా వీధిలో వారానికోసారి పొగ కొడుతున్నారు. దోమలు తగ్గలేదు. దోమలన్నీ చస్తే తప్ప జ్వరాలు ఆగవా?
– ఒక గృహిణి, కర్నూలు

జ: అన్నీ చావనక్కర్లేదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రోనాల్డ్ రాస్ అనే వైద్యుడే తర్వాత లెక్కలు కట్టి, దోమలు ఒక హద్దుకు తగ్గితే జబ్బు దానంతటదే ఆరిపోతుందని చూపించారు. దోమల సంఖ్య కంటే వాటి ఆయుష్షు తగ్గించడం ఇంకా బలమైన దెబ్బ. మలేరియా క్రిమి దోమ ఒంట్లో పక్వానికి రావడానికి సుమారు పది రోజులు పడుతుంది. రోజుకు నూటికి 90 దోమలు బతికే చోట పది రోజులు దాటేవి 35. అదే రోజుకు 80 బతికితే పది రోజులు దాటేవి 11 మాత్రమే. గోడలకు మందు కొట్టడం, మందు పట్టించిన దోమతెరలు పనిచేసేది ఈ లెక్క మీదే.

పొగ ఆ క్షణంలో ఎగురుతున్న దోమనే చంపుతుంది, గంటలో తేలిపోతుంది. డెంగ్యూ దోమ పగలు కుడుతుంది, ఇళ్లలోని మంచినీళ్లలోనే పెరుగుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు. అందుకే వారానికోసారి తొట్లు ఖాళీ చేయమంటారు. అయితే నీళ్లు పారబోస్తే చాలదు. గుడ్లు నీటి అంచు పైన గోడకు అతుక్కుని, ఎండినా నెలలు బతుకుతాయి. తొట్టి లోపలి గోడను పీచుతో గట్టిగా రుద్ది కడిగి ఆరబెట్టాలి. కూలర్ అడుగు, ఫ్రిజ్ వెనక పళ్లెం మరవకండి.

ప్ర: మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 3 మిల్లీగ్రాములు ఉందన్నారు. కాచి తాగితే పోతుందా? ఫిల్టర్ అమ్మేవాళ్లు మీటరు పెట్టి 400 చూపించి నీళ్లు బాగున్నాయన్నారు.
– ఒక ఉపాధ్యాయుడు, పులివెందుల

జ: కాస్తే పెరుగుతుంది. పది లీటర్లు ఎనిమిదయ్యేదాకా మరిగిస్తే నీరు పోతుంది కానీ ఫ్లోరైడ్ పోదు, 3 కాస్తా 3.75 అవుతుంది. తాగునీటికి లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మేలు, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 పరిమితి.

వాళ్లు చూపించిన మీటరు నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని చెబుతుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలియదు. నిజానికి సున్నం తక్కువగా ఉండి, సబ్బు బాగా నురగ వచ్చే తీయటి బోరు నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ ఉండే అవకాశం, ఎందుకంటే కాల్షియం ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతుంది. ఆర్.ఓ. యంత్రం ఫ్లోరైడ్‌ను తగ్గిస్తుంది కానీ పొర పాతబడ్డాక తగ్గించదు, రుచిలో ఆ తేడా తెలియదు. కొన్నాక ఏడాదికి ఒకసారైనా శుద్ధి చేసిన నీటినే ఫ్లోరైడ్ పరీక్షకు పంపండి. బళ్లో పిల్లలకు చూపించాలంటే జిర్కోనియం అలిజరిన్ ద్రావకం ఉన్న కిట్ తెప్పించండి. గులాబీ రంగు పసుపు వైపు ఎంత తిరిగితే ఫ్లోరైడ్ అంత ఎక్కువ. బోరు నీటికి ఒక గొట్టం, ఆర్.ఓ. నీటికి ఒక గొట్టం పక్కపక్కన పెట్టి రంగు పోల్చండి. నమూనాను గాజు సీసాలో కాకుండా ప్లాస్టిక్ సీసాలో పట్టాలి.